చూడని రీడింగు

టేపక్కకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా పలకదు. వీధి మొత్తానికీ ఆవిడ టేపక్కే. పొద్దున లేచి మెడలో పసుపు టేపు వేసుకునేదాకా ఆవిడకి ఏదో మర్చిపోయినట్టే ఉంటుంది. బంధువుల పెళ్ళిలో తీయించుకున్న ఫొటోలో కూడా గొలుసు పక్కనే ఆ టేపు వేలాడుతూ కనిపిస్తుంది. ఫొటోగ్రాఫరు చెప్పలేదా అంటే, చెప్పాడట, ఆవిడే తీయనందట.

ఆవిడ పని చేసేది మోటారు సైకిలు నడిపేవాళ్ళ బట్టల షాపులో. బట్టలంటే మామూలు బట్టలు కావు. హెల్మెట్లు, భుజాల దగ్గరా మోచేతుల దగ్గరా వీపు మీదా గట్టి పలకలు లోపల దాచి కుట్టిన జాకెట్లు, మోకాళ్ళకి పలకలున్న ప్యాంట్లు, చేతితొడుగులు, చీలమండలు కప్పే బూట్లు. టైర్ల షాపుకీ కళ్ళద్దాల షాపుకీ మధ్య ఇరుక్కున్న చిన్న షాపు అది. ముందు గదిలో అద్దాల అరల్లో హెల్మెట్లు వరసగా కూర్చుని వీధిలోకి చూస్తుంటాయి. వెనక గది టేపక్క రాజ్యం. అందులో ఒక కుట్టు మిషను, ఒక నిలువుటద్దం, గోడకి రోజుకో కాగితం చింపే లావుపాటి క్యాలెండరు, గది నడిమధ్య చక్రాలు నేలకి బిగించేసిన ఇంజను లేని మోటారు సైకిలు ఉంటాయి. ఆ మోటారు సైకిలుని అందరూ మొండిబండి అంటారు.

మొండిబండి టేపక్క బుర్రలోంచి పుట్టింది. అంతకుముందు ఆవిడ సోఫాలకి గలేబులు కుట్టేది. ఒకరోజు ఉత్తరాలు, పార్సిళ్ళు చేరవేసే కుర్రవాడొకడు చిరిగిన జాకెట్ పట్టుకొచ్చి, చెయ్యి అతుకు వెయ్యమన్నాడు. జాకెట్ మోచేతి దగ్గర పలక చెక్కుచెదరలేదు. కుర్రవాడి మోచెయ్యి మాత్రం అరచేతి మేర చర్మం లేచిపోయి ఉంది. టేపక్క ఆ జాకెట్ వాడికే తొడిగి, కుర్చీ మీద కూర్చోబెట్టి, చేతులు ముందుకి చాపమంది. చాపగానే జాకెట్ చెయ్యి పైకి జరిగి, పలక కాస్తా మోచేతి మీంచి జారి భుజం వైపుకి పోయింది. అంటే వాడు పలక ఒకచోట, మోచెయ్యి ఒకచోట పెట్టుకుని ఊరంతా తిరిగాడన్నమాట.

"కొనేటప్పుడు అందరూ నిలబడి చూసుకుంటారు. పడేటప్పుడు కూర్చునే పడతారు," అని ఆవిడ ఆ వారమే షాపు ఓనరు దగ్గరికెళ్ళి చెప్పింది. ఓనరు మంచివాడు, కాస్త బద్ధకస్తుడు. మంచి మాట ఎవరు చెప్పినా కాదనే ఓపిక ఉండదాయనకి. పాత ఇనుము కొట్టునించి ఒక బండి తెప్పించి వెనక గదిలో బిగించి, టేపక్కని అందులో కూర్చోబెట్టాడు. పద్దెనిమిదేళ్ళయింది.

అప్పట్నించీ ఆ షాపులో ఎవరికీ నిలబడి బట్టలు కొనే వీల్లేదు. ఎంతటివాడైనా మొండిబండి ఎక్కాల్సిందే. హ్యాండిలు పట్టుకోవాలి, మోకాళ్ళు మడవాలి. టేపక్క చుట్టూ తిరుగుతూ సుద్దముక్కతో గుర్తులు పెడుతుంది. చేతితొడుగులు వేసుకున్నవాళ్ళు నేల మీదున్న చొక్కా గుండీ ఏరాలి. బూట్ల తాళ్ళు లోపలికి దోపకుండా వదిలేస్తే, బ్రేకు పెడలుకి చుట్టుకుంటాయని ఆవిడ చేతిలో చీవాట్లు తినాలి. అన్నిటికన్నా చివరిది గోడ పరీక్ష. క్యాలెండరు ఎడమ భుజానికి బాగా వెనగ్గా ఉంటుంది. హెల్మెట్టూ జాకెట్టూ వేసుకుని, హ్యాండిలు వదలకుండా మెడ తిప్పి, గోడ మీద తారీఖు చదవాలి. కాలరు ఎత్తుగా ఉన్నా, హెల్మెట్టు వెనక అంచు వీపుకి తగులుతున్నా మెడ తిరగదు. మెడ తిరగకపోతే వెనక లారీ వస్తున్నదీ లేనిదీ తెలియదు. అన్నీ కుదిరాక ఆవిడ ఒక చిన్న చీటీ మీద "సరిపోయింది" అని రాసి, కింద సంతకం పెట్టి, జాకెట్ జేబులో పెడుతుంది. ఆ చీటీ పెట్టనిదే వస్తువు గుమ్మం దాటదు. ఓనరు బావమరిదికి కూడా రెండుసార్లు దాటలేదు.

ఇంతా చేస్తే జనం వింటారా? వినరు. ముఖ్యంగా హెల్మెట్ల విషయంలో. కొత్త హెల్మెట్టు తలని గట్టిగా పట్టుకోవాలి, బుగ్గల్ని నొక్కాలి. వాడగా వాడగా లోపలి దూది అణిగి కుదురుకుంటుంది. వచ్చినవాడు మాత్రం పెట్టుకోగానే, "అక్కా, పట్టేస్తోంది. ఇంకో సైజు పెద్దదివ్వు," అంటాడు. నాలుగు రోజులకే అది తల చుట్టూ గిరగిరా తిరుగుతుందన్న మాట చెవిన వేసుకోడు.

ఈ బాధంతా టేపక్క సాయంత్రం ఇంటికొచ్చి భోజనాల దగ్గర వెళ్ళబోసుకునేది. పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడుపళ్ళు తయారుచేసే భర్త, నోట్లో నాలుక లేని మనిషి, కంచంలోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. అత్తగారు సరిగ్గా కథ రసపట్టులో ఉండగా, "ఇంకాస్త వడ్డించుకో," అనేవారు. మామగారు పేపరు చాటున ఉండేవారు. ఆవిడ చెప్పుకోవడం ఆపలేదు, వాళ్ళు వింటున్నారనీ అనుకోలేదు. గోడకి చెప్పుకున్నట్టే ఉండేది.

మామగారి గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన ముప్ఫై ఏళ్ళు మోటారు సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చదివారు. ఎండా వానా లెక్కచెయ్యలేదు. తలుపు తాళం వేసుంటే చెట్టు నీడన కూర్చుని అంకెలు వేసుకుపోయే తోటివాళ్ళు ఉండేవారు గానీ, ఆయన మాత్రం మళ్ళీ వెళ్ళి చూసి గానీ రాసేవారు కాదు. "చూడని రీడింగు నా చేత్తో రాయలేదు," అన్నది ఆయన జీవితానికంతటికీ ఉన్న ఒక్క గొప్ప. ఆ గొప్పని వారానికి రెండుసార్లయినా చెప్పేవారు. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

ఆరేళ్ళ కిందట వానలో మలుపు తిరుగుతూ ఆయన పడ్డారు. తల మీద హెల్మెట్టు ఉంది, గడ్డం కింద పట్టీ మాత్రం పెట్టుకోలేదు. హెల్మెట్టు గుమ్మడికాయలా దొర్లుకుంటూ ఆయనకన్నా ముందు వెళ్ళి కాలవలో పడింది. భుజం ఎముక, రెండు పక్కటెముకలు విరిగాయి, తలకి కుట్లు పడ్డాయి. ఆస్పత్రినించి వచ్చాక అత్తగారు బండిని షెడ్డులో పెట్టి, దుప్పటి కప్పి, తాళం చెవి ఎక్కడో దాచేశారు. ఎక్కడ దాచారో ఆ మహాతల్లికి తప్ప ఎవరికీ తెలియదు. మామగారు ప్రతి ఆదివారం షెడ్డులోకెళ్ళి దుప్పటి తీసి, బండి తుడిచి, మళ్ళీ కప్పి వచ్చేవారు. నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు.

అలాంటి మనిషి ఒకరోజు భోజనాల దగ్గర పేపరు మడిచి కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు. రిటైరైన మీటరు రీడర్లందరూ రెండు నెలలు దాటాక ఒక ఆదివారం డ్యాము దాకా బళ్ళ మీద వెళ్తున్నారట. నలభై కిలోమీటర్లట. "నేనూ వెళ్దామనుకుంటున్నాను," అన్నారు.

భర్త "ఊఁ" అనడం కూడా మర్చిపోయాడు. అత్తగారు గరిటె గిన్నెలో పెట్టి, టేపక్క వైపు చూపించారు. "ఇదుగో, ఇది చూసి, నెత్తి మీంచి కాళ్ళదాకా మీకు అన్నీ సరిపోయాయని చీటీ రాసిస్తే వెళ్ళండి. నేనింకేం అనను."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

మామగారి ముఖం వెలిగిపోయింది. మర్నాడు పొద్దున వంటింట్లో అత్తగారు టేపక్క మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

"ఏదీ సరిపోలేదని చెప్పవే."

"అత్తయ్యా! సరిపోయినదాన్ని సరిపోలేదని నేను ఎప్పుడూ చెప్పలేదు."

"ఎప్పుడూ చెప్పలేదు కాబట్టే ఆయన నమ్ముతారు. మళ్ళీ నన్ను ఆ ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చోబెడతావా?"

ఆ బల్ల మీద అత్తగారి పక్కన కూర్చున్నది టేపక్కే. "చూస్తాను అత్తయ్యా," అని బయటపడింది.

ఆ రోజంతా ఆవిడ కుట్లు వంకరపోయాయి. అబద్ధం చెప్తే పద్దెనిమిదేళ్ళ చీటీలన్నీ దండగ. నిజం చెప్తే అత్తగారికి కంటి మీద కునుకుండదు. ఆఖరికి సాయంత్రం షాపు కట్టేవేళకి ఆవిడకి ఒక ఉపాయం తట్టింది. తను అబద్ధం చెప్పక్కర్లేదు! సరైన సైజు ఇస్తే చాలు. సరైనది పెట్టుకున్నవాళ్ళెవరైనా ఏమంటారు? పట్టేస్తోందంటారు, బిగుసుకుపోయిందంటారు, తీసి పారేస్తారు. మామయ్యా అదే అంటారు. "నాకిది పడదమ్మా," అని ఆయనే అనేస్తే ఇక తన నోటికి పని లేదు. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందా అని ఆవిడ ఇంటికెళ్ళేదాకా మురిసిపోయింది.

ఓనరు సరుకు కోసం పొరుగూరు వెళ్ళిన వారం చూసి మామగారిని రమ్మంది. షాపు ఖాళీగానే ఉంది. ఆ మూడు రోజుల్లో వచ్చినవాళ్ళు హెల్మెట్లకి కొత్త అద్దాలు వేయించుకునేవాళ్ళే. మొండిబండి ఎవరూ ఎక్కలేదు. పదకొండింటికి మామగారు ఇస్త్రీ చొక్కాతో, గడ్డం గీసుకుని, ఇంటర్వ్యూకి వచ్చినట్టు వచ్చారు. వెనకాలే అత్తగారు కాపలాకి వచ్చి, కుట్టు మిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నారు.

టేపక్క కనుబొమల పైన టేపు చుట్టి తల కొలిచి, కొలతకి సరిపోయే హెల్మెట్టు తెచ్చి పెట్టింది. బుగ్గలు పైకి తన్నుకొచ్చి మామగారి కళ్ళు చిన్నవైపోయాయి. 'ఇప్పుడంటారు,' అనుకుంది.

"మాట్లాడుతుంటే బుగ్గ పంటికింద పడుతోందమ్మా," అన్నారాయన.

"అయ్యో, ఇబ్బందిగా ఉందా మామయ్యా?"

"ఇబ్బందేముంది? పడాలిగా. పడితే సరిపోయినట్టు. నుదుటి మీద ఒకేచోట నొక్కితే తప్పు. నాకు అన్ని వైపులా సమంగానే ఉంది." ఆయన గడ్డం కింద పట్టీ బిగించుకుని, తల వంచారు. "వెనక అంచు పట్టుకుని ముందుకి లాగు. ఊడుతుందేమో చూడాలి కదా!"

టేపక్క లాగింది. మామగారు మొత్తం మనిషే వంగారు గానీ హెల్మెట్టు ఊడలేదు. స్టూలు మీద అత్తగారు దగ్గారు.

జాకెట్ తెచ్చింది. మామగారు దాన్ని తొడుక్కుని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మొండిబండి ఎక్కి, చేతులు చాపి, మోచేతులు తడుముకున్నారు. "పలక మోచేతి మీదే ఉంది. పైకి జారలేదు. ఆ పార్సిళ్ళ కుర్రాడికి జారినట్టు."

"ఆ కుర్రాడి సంగతి మీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావు కదమ్మా. పద్దెనిమిదేళ్ళ కిందట. వంకాయరంగు చొక్కా వేసుకొచ్చాడన్నావు."

టేపక్క చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పేపరు చాటున కూర్చున్న ఆ మనిషి ఇన్నేళ్ళూ తను చెప్పిన ప్రతి మాటా విన్నారు! ఓనరు బావమరిది సంగతి, బూటు తాళ్ళ సంగతి, సైజు పెద్దదిమ్మనేవాళ్ళ సంగతి, ఏదీ పోనివ్వలేదు. ఆవిడకి నవ్వొచ్చింది, వేసిన ఉపాయం మాత్రం కాలవలో పడ్డ పాత హెల్మెట్టు దారి పట్టింది.

"నల్లది లేదా?" అని మాత్రం ఆయన అడిగారు. "ఈ పసుపుది వేసుకుని వెళ్తే పిల్లలు స్కూలు బస్సనుకుని చెయ్యెత్తుతారేమో."

"ఎత్తితే ఎత్తారు. మీరు దూరంనించి కనపడ్డట్టేగా."

"అదీ నిజమేలే."

చేతితొడుగులతో గుండీ ఒక్క ప్రయత్నంలో ఏరారు. బూట్ల తాళ్ళు తనే లోపలికి దోపుకున్నారు. మోకాళ్ళ పలకలు మోకాళ్ళ మీదే నిలిచాయి. ఒక్కొక్కటీ కుదురుతున్న కొద్దీ స్టూలు మీద అత్తగారి ముఖం ముడుచుకుపోతోంది. ఆవిడ కళ్ళతో సైగ చేశారు. టేపక్క చూడనట్టు నటించింది.

"ఇక గోడ పరీక్షే మామయ్యా. హ్యాండిలు వదలకండి. తారీఖెంత?"

మామగారు ఎడమ భుజం కదిపారు, హెల్మెట్టు కాస్త తిప్పారు, ఠక్కున చెప్పారు. "పదిహేడు!"

టేపక్క చీటీ అందుకుని "సరి" దాకా రాసింది. ఎందుకో ఒకసారి గోడ వైపు చూసింది. గోడ మీద పద్నాలుగుంది.

క్యాలెండరు కాగితం చింపేది ఓనరే. పొద్దున రాగానే ఆయన చేసే పని అదొక్కటే కాబట్టి ఇంకెవర్నీ ముట్టుకోనివ్వడు. ఆయన ఊళ్ళో లేక మూడు రోజులైంది. ఇవాళ పదిహేడే, నిజమే. గోడకి మాత్రం ఇంకా పద్నాలుగే.

ఆవిడ అద్దంలోకి చూసింది. హెల్మెట్టు లోపలినించి మామగారి కళ్ళు ఆవిడ్నే చూస్తున్నాయి. ఆవిడకి తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోయింది. అత్తగారికి మాత్రం ఏమీ తెలియదు. ఇంకో మూడక్షరాలు రాస్తే ఆయన డ్యాముకి వెళ్తారు, సంతోషంగా వెళ్తారు. ఇన్నేళ్ళూ తన సొద విన్న ఒకే ఒక్క మనిషి. ఆయన్ని భార్య ఎదుట పట్టివ్వాలా? టేపక్కకి కలం పారేసి పారిపోవాలనిపించింది. దగ్గరికెళ్ళి జాకెట్ కాలరు వదులు చేసి మళ్ళీ తిప్పమంది. కాలరు లేకపోయినా మెడ సగంలోనే ఆగిపోయింది.

"మామయ్యా, గోడ మీద పద్నాలుగుంది," అంది. "మీరు చూడని రీడింగు చెప్పారు."

మామగారు పట్టీ విప్పి, హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. బుగ్గల మీద ఎర్రగా అచ్చులు పడ్డాయి. "పడ్డప్పట్నించీ అటు తిరగట్లేదమ్మా," అన్నారు మెల్లగా. "ఎవరికీ చెప్పలేదు." ముప్ఫై ఏళ్ళ గొప్ప ఆ బండి మీద కూలబడి ఉంది. టేపక్కకి ఏడుపొచ్చింది.

అత్తగారు గెలిచారు. గెలిచిన మనిషి ముఖంలా మాత్రం లేదది. స్టూలు మీంచి లేచొచ్చి, ఆయన ఒళ్ళోంచి హెల్మెట్టు తీసుకుని, కోడలి మీద విరుచుకుపడ్డారు. "ఇదేంటే! నిన్ను చెప్పమన్నది ఇది కాదుగా!"

"ఏం చెప్పమన్నావేంటి?" అన్నారు మామగారు తలెత్తి.

అత్తగారు నాలిక్కరుచుకున్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. మామగారు భార్య వైపు, కోడలి వైపు, మళ్ళీ భార్య వైపు చూశారు. ఆయనకి మెల్లగా నవ్వొచ్చింది.

"అంటే ఏం సరిపోయిందో చూడకుండానే సరిపోలేదని రాసెయ్యమన్నావా? నువ్వూ చూడని రీడింగే రాయించబోయావా?"

"మీరు మాత్రం తక్కువ తిన్నారా!"

ఇద్దరూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు పగలబడి నవ్వారు. కళ్ళద్దాల షాపాయన ఏమైందోనని గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి వెళ్ళాడు. నవ్వు ఆగాక అత్తగారు కళ్ళు తుడుచుకుని అడిగారు. "ఆ మెడ తిరిగితే?"

"తిరిగితే అన్నీ సరిపోయినట్టే అత్తయ్యా."

"తిరక్కపోతే బండి అమ్మేద్దాం," అన్నారు మామగారు. "నేనే అంటున్నాను. డ్యాము ఆదివారానికి ముందు రోజు మళ్ళీ ఇక్కడికొస్తాను. ఆ రోజు గోడ చదవలేకపోతే, ఇక ఆ దుప్పటి తీయను."

అత్తగారు మర్నాడే ఆయన్ని వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. ఎముకకేం కాలేదనీ, ఆరేళ్ళుగా భయపడి తిప్పక కండరం బిగుసుకుందనీ, వేడి కాపడం పెట్టి రోజూ కాస్త కాస్తగా తిప్పమనీ ఆయన చెప్పాడు. ఇక చూడండి ఆ ఇంట్లో తంతు! పొద్దున్నే మామగారు ముందు గదిలో కుర్చీలో కూర్చుంటారు. అత్తగారు ఎడమ భుజం పక్కన ఏదో ఒకటి పట్టుకుని నిలబడతారు. ఆయన మెడ తిప్పి అది చదవాలి. మొదట బిస్కెట్ల పొట్లం. అది చదవగలిగితే నాలుగు రోజులకి అత్తగారు నేల మీద పరిచిన రాతి పలకల్లో ఒకటి వెనక్కి జరుగుతారు.

మూడో పలక దగ్గర అత్తగారు మందు సీసా పట్టుకున్నారు. దాని మీద అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి.

"ఏమేవ్, అది మెడకి పరీక్షా, కంటికా?"

"చదవలేకపోతే మానెయ్యండి."

టేపక్క వంటింట్లోంచి వచ్చి మందు సీసా లాక్కుని కరెంటు బిల్లు చేతికిచ్చింది. మామగారు దాన్ని చదవడమే కాదు, ఆ రీడింగు తీసినవాడు అంకెలు ఎంత నిర్లక్ష్యంగా రాశాడో అరగంట ఉపన్యాసమిచ్చారు. ఆ రోజునించీ అత్తగారు పెద్దక్షరాలవే పట్టుకున్నారు. అయితే పట్టుకుని నిలబడ్డప్పుడు ఆవిడ ముఖం ఎప్పుడూ గంభీరంగానే ఉండేది. మెడ తిరగాలని కోరుకుంటున్నారో, తిరక్కూడదని కోరుకుంటున్నారో టేపక్కకి అంతుపట్టేది కాదు. అడిగే ధైర్యమూ లేదు.

ఆ శనివారం రానే వచ్చింది. ఓనరు ఊళ్ళోనే ఉన్నాడు, పొద్దున్నే బుద్ధిగా కాగితం చింపాడు. మామగారు పసుపు జాకెట్టూ హెల్మెట్టూ అన్నీ తగిలించుకుని మొండిబండి ఎక్కి హ్యాండిలు పట్టుకున్నారు.

"వెనక్కి చూడకండి," అన్నారు అత్తగారు. సంచిలోంచి చుట్టచుట్టిన కాగితమొకటి తీసి, గోడ మీది క్యాలెండరు దించి, దాన్ని మేకుకి తగిలించారు. "ఇవాళ తారీఖు అందరికీ తెలుసు. దీన్ని చదవండి."

అది ఇంట్లో తగిలించుకునే నెల క్యాలెండరు, పాతది. అత్తగారికి ప్రతి గడిలోనూ ఏదో ఒకటి రాసుకునే అలవాటుంది. గ్యాసు వచ్చింది, పంటి నొప్పి, చుట్టాలు వెళ్ళారు, చెప్పులు కుట్టించాలి. ఒక్క గడి ఖాళీగా వదలరు. టేపక్క పైనున్న సంవత్సరం చూసి గతుక్కుమంది. అది ఆరేళ్ళ కిందటిది.

మామగారు ఊపిరి పీల్చుకుని మెడ తిప్పారు. నెమ్మదిగా, పలక తర్వాత పలక దాటుతున్నట్టు, సగం దాటింది, ఇంకా తిరిగింది, గడ్డం భుజం మీదికి వచ్చింది.

"పదకొండు," అన్నారు. "కింద ఏదో రాసుంది." హ్యాండిలు వదలకుండా ఇంకాస్త తిరిగారు. "'ఈయన పడ్డారు.'"

"చదవండి," అన్నారు అత్తగారు.

"పన్నెండు. ఏమీ లేదు. పదమూడు, లేదు. పద్నాలుగు, లేదు..." ఆయన అలా ఒక్కొక్క గడీ చదువుకుంటూ పోయారు. ఎనిమిది గడులు, అన్నీ ఖాళీ. "ఇరవై. 'ఇంటికి తెచ్చుకున్నాను.'"

టేపక్క కళ్ళు తుడుచుకుంటూ గోడ దగ్గరికెళ్ళింది. అప్పుడు చూసింది. ఆ గళ్ళలో అత్తగారి రాత ఎప్పుడో పెన్సిలుతో సన్నగా రాసుకున్నది. మిగతా అక్షరాలన్నీ వెలిసిపోయాయి. ఈ రెండు వాక్యాలు మాత్రం దళసరిగా, నల్లగా ఉన్నాయి. కళ్ళు తుడుచుకున్న తడి వేలితో ముట్టుకుంటే సిరా అంటింది. ఆ పొద్దునే అత్తగారు లావుపాటి స్కెచ్ పెన్నుతో ప్రతి అక్షరం మీదా మళ్ళీ దిద్దారు. దూరంనించి ఆయనకి కనపడాలని.

అత్తగారు సంచి అడుగునించి బండి తాళం చెవి తీసి మామగారి తొడుగు చేతిలో పెట్టారు. "ఈ నెల క్యాలెండరులో గడి ఖాళీగా ఉందంటే ఊరుకోను," అన్నారు.

"రేపటి గడిలో ఏం రాస్తావు?"

"'డ్యాముకెళ్ళి పెందరాళే తిరిగొచ్చారు' అని. ఇప్పుడే రాసెయ్యనా?"

"వద్దొద్దు," అన్నారు మామగారు. "నేనొచ్చాక, చూసి రాయి."

టేపక్క రెండు నెలలుగా సొరుగులో ఉన్న చీటీ తీసింది. దాని మీద "సరి" అని ఉంది. మిగతా మూడక్షరాలూ రాసి, కింద సంతకం పెట్టి, పసుపు జాకెట్ జేబులో పెట్టబోయింది. మామగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపి, హెల్మెట్టు అద్దం పైకెత్తారు.

"చూసే రాశావా అమ్మా?"

"చూసే రాశాను మామయ్యా."